చెరిపినా చెరగని ఉత్తరం

సెల్‌ఫోనులో తుడిచివేసిన ఈ-మెయిల్ ఇంట్లోని కంప్యూటర్‌లో చెక్కుచెదరక కనబడటం చాలామందికి అనుభవమే. రహస్యమైన ఉత్తరమైతే ఇది చిన్న విషయం కాదు. దీని మూలం తెలియాలంటే 1984కు పోవాలి. ఆ అక్టోబరులో అమెరికాలో 'పాప్' అనే నియమావళి వెలువడినది. అప్పటి ఊహ సులభమైనది: సర్వర్ తపాలా కచేరీ వంటిది, ఉత్తరం ఇంటికి తెచ్చుకొన్న పిదప కచేరీతో పనిలేదు. 1988 నాటి మూడవ పాప్‌లో తొలగింపు ఆజ్ఞ ఉత్తరంపై గుర్తు మాత్రమే పెడుతుంది. సెలవు తీసుకొనే ఆజ్ఞ అందిన తరువాతనే సర్వర్ దానిని తొలగిస్తుంది. నడుమ లైను తెగిందా, ఉత్తరం భద్రం! పైగా, ఒక యంత్రం దించుకొన్న ప్రతిని తుడిచితే ఆ సంగతి రెండవ యంత్రానికి తెలియనే తెలియదు.

1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ ఇందుకు భిన్నంగా ఆలోచించినాడు. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండాలి, యంత్రాలన్నీ వాటినే చూడాలి. అదే 'ఐమ్యాప్'. ఇక్కడ కూడా తొలగింపుకు రెండు మెట్లు: మొదట గుర్తు, పిమ్మట 'ఎక్స్‌పంజ్' ఆజ్ఞ. రెండవది జరగనంతవరకు ఉత్తరం ఉన్నట్లే. గుర్తుపడిన ఉత్తరాన్ని కొన్ని ప్రోగ్రాములు దాచివేస్తే, కొన్ని గీత కొట్టి చూపినవి. చెత్తబుట్టకైతే తలకొక పేరు! బుట్ట ఏదో సర్వరే తెలిపే ఏర్పాటు 2011 మార్చిలో గాని ప్రమాణంగా రాలేదు.

అందుచేత ఈ చిక్కు ఎదురైనవారు మొట్టమొదట చూడవలసినది, ప్రతి యంత్రంలోను ఆ అకౌంటు పాప్ పద్ధతిలో ఉన్నదా, ఐమ్యాప్ పద్ధతిలో ఉన్నదా అని.