గద్దకు వెలకట్టని సీమ

అనంతపురపు మెట్టలలో గొఱ్ఱెలను నమ్ముకొని బ్రదికిన కురుబలును గొల్లలును పగవానిగా నెంచినది తోడేలునే గాని ఆకసమున దిరుగు గద్దను గాదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే గతియై, అదియు నదనునకు కురియని యీ సీమలో, రొప్పము చుట్టును ముండ్లకంప వేసి, కుక్కలను కాపుంచి, కంబళి కప్పుకొని రాత్రులు మేలుకొనిన కాపరికి భయమంతయు నేలమీది మృగమువలననే. గద్దయన్ననో, కోడిపిల్లలపై వాలినప్పుడు ఇల్లాలు కేకవేసి తఱిమెడిదే గాని, వేట కర్హమైన శత్రువు గాదు.

ఆంగ్లప్రభుత్వమును క్రూరమృగములకును విషసర్పములకునే వెలకట్టినది. 1875 మొదలు 1925 వఱకు బహుమానములకై దేశమున రెండు లక్షల తోడేళ్లు చంపబడియుండునని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. అదే కాలమున ఆల్ప్స్ పర్వతములలోని పశుపాలకులు, గొఱ్ఱెపిల్లలనే గాక పసిబిడ్డలనుగూడ నెత్తుకొనిపోవునన్న యపవాదు మోపి, గడ్డపు రాబందును 1913 నాటికి రూపుమాపిరి. చచ్చిన జంతువుల యెముకలే ముఖ్యాహారముగా గల యా పక్షికి జరిగిన యన్యాయము తలచిన మనస్సు కలతపడును. పశ్చిమ ఆస్ట్రేలియాలోనైతే 1968 వఱకు చంపిన గద్దకు ప్రభుత్వమే రొక్కమిచ్చెను.

మన కాపరి రాబందును చంపకుండుటకు కారణము కేవలము లేపాక్షిలో జటాయువు పడెనన్న స్థలపురాణము మాత్రమే యని నేను తలపను. 1876-78 నాటి కఱవు వంటి దుర్దినములలో పశువులు కుప్పలుగా కూలినప్పుడు ఊరివెలుపలి కళేబరములను శుభ్రపఱచినవి రాబందులే. వానితో నతనికి పొత్తే గాని పగ లేదు.

తుపాకి చేయని పని మందు చేసినది. కుంటు పశువు బాధ తీర్చుటకు వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువు చచ్చిన పిమ్మట దాని మాంసమును దిన్న రాబందుల మూత్రపిండములను పాడుచేసెను. 1990ల మొదలుకొని పదునైదేండ్లలో మన దేశపు తెల్లవీపు రాబందులలో నూటికి 99కి పైగా నశించెను. పశువుపై దయతో వేసిన సూది యింతకు దారితీయునని యెఱిగినవారెవ్వరును లేకుండిరి. 2004లో గాని శాస్త్రజ్ఞులు కారణమును కనిపెట్టలేదు. 2006లో ప్రభుత్వము పశువులకు దానిని నిషేధించెను. మనుష్యుల మందు పశువులకు మరలుచుండుటచే 2015లో సూదిమందు సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించెను. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను సైతము పశువైద్యమునుండి తొలగించెను. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ లభ్యమే. పశువైద్యులు వ్రాసి యీయవలసినది అదియే.