గోవిందరాజ విహారం - దాని వారసులు

ఉప్పల్ దిగువన మూసీ దాటి నాగోలు మీదుగా వెళితే చైతన్యపురి వస్తుంది. అక్కడ నది ఒడ్డున, ఫణిగిరి గుట్టమీద కొసగుండ్ల లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నది. ఆ గుడి దగ్గరి బండమీద బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాకృత శాసనం చెక్కి ఉన్నది. క్రీ.శ. నాలుగు, ఐదు శతాబ్దాల నాటి ఆ శాసనాన్ని పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1980 దశకంలో లోకానికి తెలియజేశారు. గోవిందరాజ విహారాన్నీ, అక్కడి భిక్షువుల నివాసాన్నీ అది పేర్కొంటున్నది. విష్ణుకుండి ప్రభువైన గోవిందవర్మ పేరు మీదనే ఆ విహారం వెలిసిందని చరిత్రకారుల నిర్ణయం. చార్మినారు కట్టింది 1591లో. అంటే హైదరాబాదు నేలమీద అంతకు వెయ్యేళ్లకు పైబడిన పూర్వమే వ్రాత ఉన్నదన్నమాట.

విహారం ఉన్నచోట గుడి ఎట్లా వచ్చింది? వైదికులు బౌద్ధులను తరిమివేశారని ఒకరు, బౌద్ధం తనంతట తానే క్షీణించిందని మరొకరు సులువుగా తేల్చివేస్తారు. ఈ రెండు జవాబులూ భిక్షువుకు అన్నం పెట్టిందెవరు అన్న ప్రశ్నను దాటవేస్తున్నాయి.

అమరావతి స్తూపానికి దానమిచ్చిన వారిలో విధికుడనే చర్మకారుడున్నాడు. వర్తకులున్నారు, గృహిణులున్నారు. ఆనాటి సంఘం వృత్తులవారి మీద, వ్యాపారం మీద ఆధారపడి నిలిచింది. విష్ణుకుండుల నాటికి ఈ పునాది మారింది. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని తుమ్మలగూడెంలో, అంటే నాటి ఇంద్రపాలనగరంలో, దొరికిన రాగిరేకులే ఇందుకు సాక్ష్యం. రాణి పరమమహాదేవి కట్టించిన విహారానికి గోవిందవర్మ గ్రామాలనే దానం చేశాడు. శక సంవత్సరం 488లో, అనగా క్రీ.శ. 566లో, విక్రమేంద్రవర్మ అదే విహారానికి మరొక దానం చేశాడు. గ్రామాన్ని దానమివ్వడమంటే ఆ గ్రామపు రైతు కష్టఫలంలో రాజు వాటాను సంఘానికి మళ్లించడమే. విరాగి బ్రతుకు ఆ విధంగా పన్నుమీద నిలిచింది.

ఈ వంశంలోనే మాధవవర్మ పదకొండు అశ్వమేధాలు చేశాడు. కనుక ఆ రాజులను ఒక మతానికి కట్టివేయడం పొరపాటు. విహారానికి ఊరు ఇచ్చిన చేయే బ్రాహ్మణునికి అగ్రహారం ఇచ్చింది. చర్మకారుని చేయి వదిలి రాజు చేయి పట్టుకున్న సంఘానికి, ఆ చేయి మరలినప్పుడు నిలువనీడ లేకపోయింది. ఏడవ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్, ధాన్యకటకంలోని ఆరామాలు చాలావరకు పాడుపడి ఉండడం చూశాడు.

మూసీ ఒడ్డున భిక్షువులు వెళ్లిపోయారు. ఆ గుట్టమీద నరసింహస్వామి వెలిశాడు. మన కాలంలో గుట్టచుట్టూ ఇళ్లు లేచాయి, 2018లో మెట్రో రైలు కూడా వచ్చింది. ఒకప్పుడు గ్రామంమీద పన్ను ఏ పని చేసిందో, నేడు గజం స్థలం ధర ఆ పని చేస్తున్నది. గుట్ట ఎవరిదో తేల్చేది అదే.

ఆ బండను మతాల వ్యాజ్యంలో దస్తావేజుగా వాడుకోవద్దు. గుడికి వచ్చే భక్తుడూ, కాలనీ వాసీ, విద్యార్థీ కలిసి కాపాడవలసిన ప్రజల ఆస్తి అది. దానిమీద రాజు పేరున్నది, భిక్షువుల ప్రస్తావన ఉన్నది. వారి పాత్రలో అన్నం వేసిన రైతు పేరు మాత్రం లేదు. ఆ లోటును పూరించడమే మన చరిత్ర రచన పని.