సారా పోయింది, విస్కీ మిగిలింది



బోర్బన్ అనే అమెరికా విస్కీ పేరు ఈమధ్య మన హాస్టళ్లలో కూడా వినబడుతోంది. దాని కథ తెలుసుకుంటే మన సీమలో మందు కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

కెంటకీ రైతులు మిగిలిపోయిన మొక్కజొన్నతో కాచుకున్న నాటు సారాయే బోర్బన్. ఇప్పుడు దానికి చట్టమే కాపలా. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ పెట్టాలి. విడిగా రంగు కలపకూడదు. ఆ ఎర్రటి రంగు, ఆ తియ్యటి వాసన కాలిన చెక్క నుంచే రావాలి. 1964లో అమెరికా కాంగ్రెస్ దాన్ని తమ దేశపు ప్రత్యేక సరుకని తీర్మానించింది. పల్లె సారా దేశానికి గౌరవమైంది.

కాచిన చేతులకు మాత్రం ఆ గౌరవం దక్కలేదు. కెంటకీ బట్టీల్లో నల్లజాతి బానిసల చాకిరీ ఉంది. పక్క రాష్ట్రం టెన్నెసీలో జాక్ డేనియల్‌కు విస్కీ కాచడం నేర్పింది బానిసగా బతికిన నియరెస్ట్ గ్రీన్. ఆ కంపెనీ ఆయన స్థానాన్ని బహిరంగంగా ఒప్పుకునేసరికి 2017 వచ్చింది.

ఇక మన కర్నూలు, కడప సంగతి. ఇక్కడ బెల్లం, తుమ్మచెక్క పులియబెట్టి కాచేవాళ్లు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద లైసెన్సు లేకుండా కాయడం నేరం. వేలంపాటలో నెగ్గినవాడిదే వ్యాపారం. పాట పాడే డబ్బు కూలివాడి దగ్గర ఎక్కడుంటుంది? వాడలో కాచినవాడు దొంగ, ఊళ్లో అమ్మినవాడు కాంట్రాక్టరు.

1938లో రాజాజీ ప్రభుత్వం కడప జిల్లాలో మద్యాన్ని నిషేధించింది. 1948కి నిషేధం మద్రాసు రాష్ట్రమంతా వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. మరుసటి ఏడాది నవంబరులో, ఈ నిషేధం గొడవ మీదే, ప్రకాశం ప్రభుత్వం అదే కర్నూలులో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది.

నిషేధం ఎత్తేశాక, 1980లలో సర్కారే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ పంపింది. పొద్దంతా చేసిన కూలి సాయంత్రానికి ఆ దుకాణంలో ఆవిరయ్యేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అంటించిన నిప్పు సీమకూ పాకింది. 1993 అక్టోబరు 1న మన కర్నూలు మనిషే ముఖ్యమంత్రి, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ రోజు నుంచి సారా బంద్. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో దాన్ని ఎత్తేశారు. విస్కీ, బ్రాందీ తిరిగొచ్చాయి. సారా మాత్రం రాలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మన దేశంలో చవక విస్కీ ఎక్కువగా చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టే. దానికి రంగు, వాసన కలిపి ఇంగ్లీషు పేరు పెడతారు. ప్యాకెట్ సారాకు మూలం కూడా ఆ మొలాసిస్సే. ఒకటి తాగితే తాగుబోతు, ఇంకొకటి తాగితే దర్జా. కులం మనుషుల్లోనే కాదు, సీసాల్లో కూడా ఉంది.

సారా మళ్లీ రావాలని నేననడం లేదు. మన అమ్మలు కొట్లాడింది ఇంటికి రాని కూలి డబ్బు కోసం. ఆ డబ్బు ఇప్పటికీ ఇంటికి రావడం లేదు, బ్రాందీ షాపు గల్లాలోకి పోతోంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సీసా మీద పేరు చదివినప్పుడల్లా మూడు ప్రశ్నలు అడగండి: కాచిందెవరు? అమ్ముకున్నదెవరు? కూలి పోగొట్టుకున్నదెవరు?

జై భీమ్.