నక్షాలో లేని ఊరు



మా కొత్తగూడ వైపు ‘మ్యాపు’ అనే మాట బడిపిల్లల నోట్లోనే వినిపిస్తుంది. పెద్దలకు అది నక్షా. చెల్క గట్టు దగ్గర తగాదా వచ్చిందంటే, “ముందు నక్షా తీయించు” అంటారు. కోయ రైతు, లంబాడా రైతు, సాయిబు రైతు అందరిదీ ఇదే మాట. ఇది ఉర్దూ అని ఎవరికీ తోచదు. దీని మూలం అరబ్బీ ‘నఖ్ష్’. చెక్కిన గుర్తు, ముద్ర అని మతలబ్.

మొన్నొక రాత్రి మా చిన్నది ఫోనులో ఒక పాత నక్షా చూపించింది. నాలుగు వందల ఏండ్ల కింద వలందులు, అంటే హాలండు వాళ్లు, రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి చేతితో రంగులద్దినది. పైన ‘గెల్డ్రియా’ అని పేరుంది. నదులు, కోటలు, అడవికి గుర్తుగా చిన్న చిన్న చెట్లు, మూలన మైళ్ల కొలబద్ద. “అబ్బా, ఇది జర్మనీలో ఉందట. మనకేం సంబంధం?” అని అడిగింది. సవాల్ చిన్నదే. జవాబ్ వెతుక్కుంటూ పోతే అది నన్ను మళ్లీ మన గడప దగ్గరికే తెచ్చింది.

గెల్డ్రియా ఒకప్పుడు జర్మన్ బాద్షాల నీడలో ఉన్న రియాసత్. దానికి ఆ పేరు గెల్డెర్న్ అనే ఊరినుంచి వచ్చింది. రియాసత్‌లో నాలుగు భాగాలుండేవి. స్పెయిన్ బాద్షా మీద బగావత్ లేచినప్పుడు మూడు భాగాలు హాలండు వాళ్లతో కలిశాయి. గెల్డెర్న్ ఉన్న నాలుగోది స్పెయిన్ చేతిలోనే మిగిలింది. 1713లో ఆ ఊరు ప్రష్యాకు పోయింది, ఇప్పుడు జర్మనీలో ఉంది. పేరేమో హాలండు సూబాకు మిగిలింది. పేరు ఒక ముల్క్‌లో, పేరిచ్చిన ఊరు మరో ముల్క్‌లో. సర్హద్‌లు అట్లాగే జరుగుతుంటాయి.

ఇప్పుడు మన సముద్రం వైపు రండి. తిరుపతి జిల్లా సరిహద్దు దాటగానే పులికాట్. 1610లో చంద్రగిరి రాజు వేంకటపతి రాయల అనుమతితో వలందులు అక్కడ కోఠీ పెట్టారు. పోర్చుగీసువాళ్లు దాన్ని ధ్వంసం చేస్తే, 1613లో కోట కట్టుకున్నారు. దాని పేరు గెల్డ్రియా! అక్కడి వలందుల పెద్ద వెమ్మర్ వాన్ బెర్ఖెం సొంత సూబా అది. పరాయి దేశంలో ఉన్న మనిషి తన వతన్ పేరును మన ఒడ్డున పాతాడు. దుబాయ్‌లో దుకాణానికి తన ఊరి పేరు పెట్టుకునే మన పిల్లవాడి దిల్ కూడా అదే కదా. తేడా ఏమిటంటే, ఆ దుకాణంలో తోపులుండవు.

వలందులు మన తీరానికి తిజారత్ కోసం వచ్చారు. వాళ్ల కంపెనీ 1602లో పుట్టింది. 1606లో గోల్కొండ సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా ఫర్మాన్‌తో మచిలీపట్నంలో కాలూనారు. అప్పటి మన బందరు మామూలు రేవు కాదు. ఇరాన్‌కు, అరబ్ ఒడ్డుకు, పెగూకు, అచేకు జహాజులు అక్కడినుంచే లేచేవి. హాజీలు అక్కడే ఎక్కి ఎర్ర సముద్రం వైపు సాగేవారు. ఫార్సీలో ఈ వలందులను ‘వలందేజ్’ అనేవారు. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఆ యాద్ మోస్తూనే ఉంది.

వాళ్లకు కావలసింది మన బట్ట. జావా, మలుకు దీవుల్లో మిరియాలకు, లవంగాలకు, జాజికాయలకు వెండి ఇస్తే సరిపోయేది కాదు, తెలుగు నేతగాళ్ల బట్ట అడిగేవారు. అందుకని పాలకొల్లు, ద్రాక్షారామం దాకా కోఠీలు పెట్టారు. ఇంకో చేదు హఖీఖత్ కూడా చెప్పాలి. కరువు ఏండ్లలో పులికాట్ నుంచి బట్టతోపాటు మనుషులూ పోయారు. తిండిలేక అమ్ముడుపోయినవాళ్లను గులాములుగా బతావియాకు, అంటే నేటి జకార్తాకు, ఎక్కించారు. వాళ్లు ఏ ఊళ్లవాళ్లో ఏ నక్షా చెప్పదు.

ఈ తిజారత్‌కు నక్షా ప్రాణం. విల్లెం బ్లావు అనే ఆమ్‌స్టర్‌డామ్ నక్షానవీస్‌ను 1633లో కంపెనీ తన కొలువులో పెట్టుకుంది. తిరిగొచ్చిన నావికుల రోజువారీ రాతలు చూసి పాత నక్షాలు దిద్దడం అతని పని. ఐదేండ్లకు అతను పోయాక కొడుకు యోవాన్ అదే కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ల దగ్గర రెండు రకాల నక్షాలుండేవి. జహాజు నడిపేవాళ్లకు చేతిరాత నక్షాలు, వాటిని కంపెనీ భద్రంగా దాచుకునేది. అమీర్ల దివాన్‌ఖానాలకు అచ్చువేసిన అందమైన నక్షాలు. మా చిన్నది చూసింది రెండో రకం.

ఆ కాలపు నక్షాల్లో మన తీరం చూస్తే రేవుల పేర్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. లోపలికి వస్తే గోల్కొండ ఉంటుంది, ఎందుకంటే అక్కడ సుల్తాన్, వజ్రాల బజారు ఉన్నాయి. మా వైపు వలందుల జాడ వెతికితే నాగులవంచ దొరుకుతుంది. ఇప్పటి ఖమ్మం జిల్లా, చింతకాని మండలం ఊరు. నీలిమందు, బట్ట కోసం పదిహేడో శతాబ్దంలో అక్కడా కోఠీ నడిపారు. మా అడవి దిగి, ఖమ్మం దాటి పోతే వచ్చే ఊరది. అక్కడిదాకా వచ్చిన వలందుల కలం మా అడవి అంచు దగ్గర ఆగిపోయింది. నీలిమందు లేదు, వజ్రం లేదు, రేవు లేదు. కొనేది లేని చోట రాసేది ఏముంది?

మరి ఇక్కడ ఏమీ లేదా? కాకతీయుల కాలం పాకాల చెరువు అప్పటికే నాలుగు వందల ఏండ్లది. దాని కింద వరి పండుతూనే ఉంది. కోయ గూడేల్లో ఇప్పపూలు ఏరుతూనే ఉన్నారు. ఖాళీ కాగితం మీదే, జమీన్ మీద కాదు.

ఆ ఖాళీలోకి గీత గీయడానికి తర్వాత ఇంగ్లీషువాళ్లు వచ్చారు. 1819లో జార్జ్ ఎవరెస్ట్, తర్వాత హిమాలయ శిఖరానికి పేరైన మనిషే, హైదరాబాద్ తూర్పున కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలకు దిగాడు. వానాకాలం జ్వరం అతన్నీ, అతని మనుషులనూ పడగొట్టింది. కోలుకోవడానికి అతను ఆఫ్రికా కొసన ఉన్న కేప్‌కు పోవలసి వచ్చింది. నిజాం హయాంలో ఊరి నక్షా, సేత్వార్, పహాణీ వచ్చాయి. వాటితోనే ‘రక్బా’, ‘శిస్తు’, ‘బందోబస్తు’ మన నోళ్లలో నిలిచాయి. అప్పుడు సర్కారుకు కావలసింది మాలు కాదు, పన్ను. మాలు కావలసినవాడు రేవును రాశాడు, పన్ను కావలసినవాడు చేను రాశాడు.

ఇక్కడే నా గుండె ఆగుతుంది. మా పెద్దల ఖబరస్తాన్ హద్దు ఒక చింతచెట్టు. మా తాత చెప్పింది, నాన్న చెప్పింది అదే. ఆ చెట్టు గాలివానకు పడిపోయింది. ఇప్పుడు హద్దు ఎక్కడంటే, “ఆ చింతచెట్టు ఉండేదే, అక్కడ” అని చెప్పడానికి ఇద్దరు ముగ్గురు బుజుర్గులే మిగిలారు. వాళ్లు కూడా అదే మట్టిలోకి పోయాక ఎవరిని అడగాలి? ఏ కంపెనీకీ, ఏ సర్కారుకూ మన ఖబరస్తాన్‌తో లాభం లేదు. అందుకని అది ఎవరి నక్షాలోకీ తనంత తాను రాదు.

ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పెద్ద ఆయత్ అప్పు లావాదేవీ రాసి పెట్టుకోవడం గురించి. నమాజ్ చేసే ఉమ్మత్‌కు అల్లాహ్ అంత వివరంగా రాత గురించి చెప్పాడంటే, నోటి మాట మీద నడిచే హఖ్ ఎంత బలహీనమో ఆలోచించండి.

మొన్న జుమా తర్వాత ఒక బుజుర్గ్‌ను వెంటబెట్టుకుని నేనూ మా చిన్నదీ ఖబరస్తాన్‌కు పోయాం. ఫాతిహా చదివాం. ఆయన చేతికర్రతో చూపించాడు, మేం టేపుతో కొలిచాం, మా చిన్నది లెక్కల నోటుబుక్కులో గీసింది. చింతచెట్టు ఉన్నచోట ఒక చెట్టు బొమ్మ వేసింది, అచ్చం ఆ వలందుల నక్షాలో లాగా. కింద ఆయన వేలిముద్ర, మా ఇద్దరి దస్తఖత్, తారీఖ్. ఇది దఫ్తర్లో చెల్లుతుందో లేదో తర్వాతి మాట. అర్జీ పెట్టడానికి చేతిలో ఒక కాగితమైతే ఉంది.

మీ ఊళ్లో కూడా ఇంకా చూపించగల చేతికర్ర ఒకటి ఉండే ఉంటుంది. ఈ జుమాకే పోయి అడగండి. ఖుదా హాఫిజ్.