మడిచి దాచుకున్న ఆట

ఇంట్లో ఏ వస్తువుకైనా చోటు దొరకాలంటే ముందు దానికి ఏదో ఒక పని ఉండాలి. రోలుకి వంటింటి మూల ఉంది, మంచానికి పడకగది ఉంది, చెప్పులకి సైతం గుమ్మం పక్కన ఇంత చోటుంది. ఆటకి మాత్రం లేదు. ఆట పని కాదు కదూ! అందుకే మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ ఆటలన్నీ చెరిపేసేవీ, మడతపెట్టేవీ, చెంగున ముడేసుకునేవీను.

"ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం" అన్న సామెత కట్టినవాడు మగవాడే అయి ఉంటాడు, నాకేం సందేహం లేదు. ఆ ఇరుకులో రోజల్లా మసలేది ఎవరో ఆయన ఆలోచించి ఉండడు.

అష్టాచెమ్మా సంగతే తీసుకోండి. అరుగుమీద సుద్దముక్కతో అయిదుకి అయిదు గళ్ళు గీసుకోవడం, మగవాళ్ళు భోజనానికి వచ్చే వేళకి తడిగుడ్డతో తుడిచెయ్యడం. ఫతేపూర్ సిక్రీ కోటలో ముంగిట పరిచిన రాతిమీదే పచ్చీసు గళ్ళున్నాయి. కోట గనక అంత చోటుంది. అదే పచ్చీసు మన అమ్మమ్మల దగ్గర గుడ్డమీద కుట్టిన నాలుగు రెక్కలై, చీరల మధ్య మడతల్లో దాగింది. వామనగుంటల పీట అన్నిటికంటే గడుసుది. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు గుంటలు. కొన్ని పీటలకి నడిమిన బందులుంటాయి. చింతగింజలు లోపలే పోసి, రెండు సగాలూ మూసి, కొక్కెం పెడితే చంకలో పట్టే పెట్టె అయి కూర్చుంటుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నడిగూడెంలో మా మేనల్లుడు ఒక ఆటపెట్టె చేయిస్తున్నాడు. వాడి భాషలో దాని పేరు ఆర్కేడ్ క్యాబినెట్. వీడియో గేముల దుకాణాల్లో నిలబెట్టి ఉండేవి, నాణెం వేస్తే ఆడేవి, చూశారూ, అదన్నమాట. ఇంచుమించు మనిషెత్తు, రెండడుగుల వెడల్పు, అంతకుమించిన లోతు, నూరు కిలోలు దాటే బరువు. మధ్యన తెర, దాని కింద ఒక పుల్ల, నాలుగు బొత్తాలు. "అంతదాన్ని ఎక్కడ పెడతావురా?" అంటే, "గోడబీరువాలో, అత్తా" అన్నాడు!

నవ్వొచ్చింది గానీ, ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాలు చదివాక వాడు చెప్పింది కొత్తేమీ కాదనిపించింది. ఈ యంత్రాల చరిత్రంతా చోటుకోసం సాగిన బేరమే. మొదట ఫ్రాన్సులో గొప్పవాళ్ళ ఇళ్ళల్లో బాగటెల్ అనే పెద్ద బల్ల ఉండేది. 1871లో అమెరికాలోని సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన గోలీని తన్నడానికి స్ప్రింగు పెట్టి, బల్లని చిన్నది చేసి పేటెంటు తీసుకున్నాడు. 1931లో గాట్లీబ్ అనే ఆయన కాళ్ళు కూడా తీసేసి, దుకాణం బల్లమీద పట్టేలా 'బాఫిల్ బాల్' అమ్మాడు. 1972లో అటారీ కంపెనీ వాళ్ళ 'పాంగ్' కాలిఫోర్నియాలో ఒక సారాకొట్లో నిలబడింది. కొద్దిరోజులకే పనిచెయ్యడం మానేసిందట. విప్పి చూస్తే రోగమేమీ లేదు, చిల్లర నిండిపోయి గొంతుకడ్డం పడింది!

1978లో జపానులో 'స్పేస్ ఇన్వేడర్స్' వచ్చాక, అక్కడి కాఫీ హోటళ్ళవాళ్ళు మరో తెలివి చూపించారు. తెరని వెల్లకిలా పడుకోబెట్టి, పైన అద్దం పరిచిన యంత్రాలని తెచ్చి కాఫీ బల్లల స్థానంలో వేసుకున్నారు. కప్పు పెట్టుకునే బల్లే ఆటబల్ల. ఎదుటివాళ్ళ వంతు వస్తే బొమ్మ తనంత తానే వాళ్ళవైపుకి తిరుగుతుంది.

ఇంతవరకూ ఒక్క విషయం గమనించారా? సారాకొట్టు, దుకాణం, హోటలు. ఆడపిల్ల జంకు లేకుండా వెళ్ళి నిలబడే చోటు ఎంతని?

ఆ మాట జపానులో ఒకాయనకి తోచింది. నామ్కో కంపెనీలో తోరు ఇవతాని. ఆటలన్నీ కాల్చడం, చంపడం అయితే ఆడవాళ్ళెందుకు వస్తారని, తినే ఆట ఒకటి ఆలోచించి 1980లో 'పాక్‌మాన్' చేశాడు. ఆడవాళ్ళనగానే తిండే గుర్తొచ్చిందా అని కోపగించుకోకండి. అసలు గుర్తొచ్చినందుకు సంతోషిద్దాం. మరుసటేడు అటారీలో డోనా బెయిలీ అనే అమ్మాయి, ఇంకొక ఉద్యోగితో కలిసి 'సెంటిపీడ్' తయారుచేసింది. తెరమీద జెర్రి పాకుతూ దిగే ఆట అది. దాన్ని ఆడవాళ్ళూ ఇష్టంగా ఆడారు.

మన వైపు మాత్రం ఆ గాలి రాలేదు. నా చిన్నతనంలో, 1990ల్లో, బస్టాండు దగ్గర వీడియో గేముల కొట్టు ఒకటుండేది. అన్నయ్య లోపలికి వెళ్ళేవాడు. నేను బయట సైకిలు పట్టుకుని నిలబడి, ఆ చప్పుళ్ళని బట్టి గెలిచాడో ఓడాడో చెప్పడం నేర్చుకున్నాను. నా విద్య అంతవరకే.

మరి అంత పెట్టె గోడబీరువాలో ఎలా పడుతుంది? పాత యంత్రం లోతంతా బొమ్మగొట్టానిది. తెర వెనక గాజుబుడ్డి గంపెడుండేది. పలచటి తెరలు వచ్చాక ఆ లోతు అక్కర్లేకపోయింది. పాత యంత్రాల లోపలి సరంజామా అంతటినీ కంప్యూటర్లో అనుకరించే 'మేమ్' అనే ప్రోగ్రాముని 1997లో ఇటలీ దేశస్థుడు నికోలా సల్మోరియా విడుదల చేశాడు. 2012లో ఇంగ్లండు నుంచి ఏటీఎం కార్డంత కంప్యూటరు, రాస్ప్‌బెర్రీ పై, వచ్చింది. ఇంక మిగిలింది చెక్కపని. (ఉచితంగా దొరికేది ఆడించే ప్రోగ్రామే. ఆటల హక్కులు వాటి కంపెనీలవేనని మావాడికి గుర్తుచేశాను లెండి.)

వాళ్ళది పాతకాలపు ఇల్లు, రెండడుగుల మందం గోడలు. గోడబీరువా లోతు అడుగు. వెనక పలకకి తెర బిగించారు. ముందు తలుపుకి పక్కన కాకుండా అడుగున బందులు పెట్టారు. రెండు గొలుసులు పట్టుకుంటే తలుపు ముందుకి వాలి బల్లలా నిలుస్తుంది. పుల్లా బొత్తాలూ దానిమీదే. చిక్కంతా పుల్లతోనే వచ్చింది. బల్లపైకి రెండున్నర అంగుళాలు లేస్తుంది, తలుపు మూస్తే పోయి తెరకి గుచ్చుకుంటుంది. అందుకని తెరని వెనక్కి జరిపి మధ్యన నాలుగంగుళాల ఖాళీ వదిలారు. వేడి పోవడానికి పైన చిల్లులు. పెద్దాయన వడ్రంగి అంతా విని, "ఇందులో ఏముందమ్మా, వామనగుంటల పీట లెక్కనే గదా. కబ్జాలు పెడితే మడతపడుద్ది" అన్నాడు.

అసలు తగువు ఎత్తు దగ్గర వచ్చింది. దుకాణాల్లో ఆ బల్ల సుమారు మూడడుగుల ఎత్తున ఉంటుంది. నిలబడి ఆడే మగవాడి నడుం కొలత అది. మావాడు అదే గీత గీశాడు. ఎనిమిదేళ్ళ వాడి కూతురు వచ్చి మునివేళ్ళమీద నిలబడింది. మోకాళ్ళ నొప్పుల వదిన కుర్చీలోంచే, "అయితే ఇది నీ ఒక్కడికేనట్రా?" అంది. అంతే. టేపు మళ్ళీ తీశారు. వదిన కూర్చున్న కుర్చీని గోడదగ్గరికి జరిపి, మోచేతి ఎత్తు చూసి, ఇరవై ఏడంగుళాల దగ్గర కొత్త గీత పెట్టారు. బీరువా అడుగు పగలగొట్టి కిందకి దించాల్సి వచ్చింది, మేస్త్రీ ఖర్చు వేరే. అయినా వాడు మారుమాట్లాడలేదు.

ఇది నడిగూడెంలో జరగడం నాకు మరీ ముచ్చటేసింది. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావుగారి కోట ఉన్న ఊరది. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు. చరిత్రా సైన్సూ తెలుగులో చిన్న పుస్తకాలై సామాన్యుల ఇళ్ళకి చేరాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవాళ్ళలో వాళ్ళిద్దరూ ఉన్నారు. ఆ లక్ష్మణరావుగారి అక్కే భండారు అచ్చమాంబ. ఆమె బడికి పోయి చదువుకోలేదు, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. సైకిలు పట్టుకుని బయట నిలబడటానికీ, పక్కన కూర్చోవడానికీ ఎంత తేడా ఉందో చూడండి.

ఆటా చదువూ ఒకటేనా అంటారేమో. కాదు. కానీ రెండింటికీ మొదట కావలసింది మన ఎత్తుకి సరిపోయే ఒక పీట. చోటు తక్కువైతే మడతపెట్టుకోవచ్చు. ఎత్తు మాత్రం మనల్ని అడిగి పెట్టాలి.

మీ అటకమీద ఒకసారి వెతికి చూడండి. ఎప్పటిదో వామనగుంటల పీట కనిపిస్తే కిందకి దించి దుమ్ము దులపండి. చింతగింజలు ఎలాగూ వంటింట్లోనే ఉంటాయి.