సర్కస్‌కి డిప్లొమా ఇచ్చే రాష్ట్రం

కెనడా అనగానే మనవాళ్ళకి మంచు, పీఆర్, ఉద్యోగాలు గుర్తొస్తాయి. మేముంటున్న మాంట్రియల్‌కి మాత్రం సర్కస్ నగరమని పేరు. ప్రపంచమంతా తిరిగే సర్క్ దు సొలెయ్ ఈ క్యూబెక్ రాష్ట్రంలోనే పుట్టింది. అందులో ఏనుగులూ సింహాలూ ఉండవు, అంతా మనుషుల విన్యాసాలే. అలాగని ఇక్కడ తరతరాల సర్కస్ కుటుంబాలు ఉన్నాయనుకోకండి. ఈ సర్కస్ వయసు నలభై ఏళ్ళ పైచిలుకే. దాని వెనక ఈ నేల కథ ఉంది.

ఆదివాసుల నేల మీద ఫ్రెంచివాళ్ళు కాపురం పెట్టారు. 1763 ఒప్పందంతో అది బ్రిటిష్‌వాళ్ళ చేతికొచ్చింది. అటు తర్వాత చాలాకాలం పెద్ద వ్యాపారాలు, పెద్ద ఉద్యోగాలు ఎక్కువగా ఇంగ్లిషువాళ్ళవి. ఫ్రెంచివాళ్ళ బడులు, ఆసుపత్రులు, పెళ్ళిళ్ళు, చావులు కాథలిక్ చర్చి చేతిలో ఉండేవి. 1960లో జాన్ లెసాజ్ ప్రభుత్వం వచ్చాక ఆ పట్టు సడలింది. 1964లో విద్యాశాఖ ఏర్పడింది. ఈ మార్పునే ఇక్కడ నిశ్శబ్ద విప్లవం అంటారు. 1977లో బిల్ 101 వచ్చి, వలస వచ్చినవాళ్ళ పిల్లల్ని ఫ్రెంచి బడి బాట పట్టించింది. మా పిల్లలూ ఆ బాపతే: ఇంట్లో తెలుగు, బళ్ళో ఫ్రెంచి, పోట్లాటలకి రెండూ.

ఈ కొత్త గాలిలో పెరిగిన కుర్రాళ్ళు కొందరు బే-సాఁ-పోల్ అనే చిన్న ఊళ్ళో చేరి కర్రకాళ్ళ మీద వీధి నాటకాలాడేవారు. వాళ్ళలో జిల్ సాంత్-క్రువా 1980లో బృందానికి డబ్బు పోగుచేయడానికి క్యూబెక్ నగరం దాకా, సుమారు 90 కిలోమీటర్లు, ఆ కర్రకాళ్ళ మీదే నడిచాడు. నోట్లోంచి మంటలు ఊదే గీ లాలిబెర్తే కూడా ఆ గుంపులోవాడే. ఇటు మాంట్రియల్‌లో గీ కారోన్, మాజీ జిమ్నాస్ట్ పియెర్ లెక్లెర్ కలిసి 1981లో సర్కస్ బడి తెరిచారు. 1984లో, ఫ్రెంచి నావికుడు జాక్ కార్తియే ఈ తీరానికి వచ్చి 450 ఏళ్ళయిన సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం ఉత్సవాలు తలపెట్టింది. రాష్ట్రమంతా తిరిగి ఆడతామన్న లాలిబెర్తే బృందానికి సొమ్మిచ్చింది. సర్క్ దు సొలెయ్ అలా మొదలైంది.

సర్కస్ బడి ఇప్పుడు సాన్-మిషెల్ పేటలో ఉంది. ఒకప్పుడు అక్కడ సున్నపురాయి క్వారీ, తర్వాత ఊరి చెత్తంతా పోసిన గుంట. ఇప్పుడది పార్కు. కుళ్ళిన చెత్తలోంచి గ్యాస్ లాగే బావుల మీద తెల్లటి గోళాలు కనిపిస్తాయి. పక్కనే 2004లో తెరిచిన తోహు అనే గుండ్రటి హాలు. వేసవి మొదట్లో బడి విద్యార్థులు అక్కడ ప్రదర్శన ఇస్తారు. ఊరి నుంచి వచ్చిన అమ్మనీ పిల్లల్నీ తీసుకుని దానికే వెళ్ళాం.

ఒకమ్మాయి నిలువు స్తంభం చేతుల బలంతో ఎక్కింది. పైన కాళ్ళతో పట్టు బిగించి, తల కిందులుగా సర్రున జారి, ముక్కు నేలకి జానెడు దూరంలో ఉండగా ఆగింది. జారే చప్పుడు మా వరస దాకా వినిపించింది. మా చిన్నది నా చెయ్యి గిల్లి పట్టుకుంది. అమ్మ మాత్రం తాపీగా, "మన దొమ్మరోళ్ళు గడెక్కేది ఇలాగే గదరా! వాళ్ళకి కింద ఈ మెత్తలు కూడా ఉండేవి కావు" అంది.

నిజమే. నేర్పులో తేడా వెతికితే మనవాళ్ళకే నాలుగు మార్కులు ఎక్కువ పడతాయేమో. ఈ అమ్మాయికి బడిలో గురువులున్నారు, దెబ్బ తగిలితే చూసే వైద్యులున్నారు, చదువు పూర్తయ్యాక చేతికొచ్చే కాలేజీ డిప్లొమా ఉంది. గడెక్కిన పిల్లకి మనం చేటెడు బియ్యం, పాత చీర ఇచ్చి, ఊరి బయట గుడిసె వేసుకోమన్నాం. క్యూబెక్ సర్కస్‌వాళ్ళూ మొదట్లో వీధి ఆటగాళ్ళే. కాకపోతే తమ భాషని, తమ బడిని చేతిలోకి తీసుకున్న జనం, పండగ పూట వాళ్ళనే పిలిచి ఇది మాది అన్నారు. భాష పేరిట రాష్ట్రం తెచ్చుకున్న మనం గడెక్కే మనిషిని ఆ లెక్కలో కలుపుకోలేదు.