జైలు గేటు నుంచి తండా దాకా

నిజామాబాద్ ఖిల్లా గుట్ట మీద రామాలయం ఉంది. నిజాం కాలంలో ఆ కోటనే జైలుగా వాడారు. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఖైదీలుగా ఉన్నారు. దాశరథి బొగ్గుముక్కతో జైలు గోడల మీద పద్యాలు రాసిన సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ మాట చెప్పుకొని మన జిల్లావాళ్ళం గర్వపడతాం. గర్వపడాల్సిందే.

అయితే జైలంటే కవులూ ఉద్యమకారులే ఉండే చోటు కాదు. దొంగతనం కేసులో పట్టుబడ్డవాళ్ళు, భూమి గట్టు తగాదాలో కొట్టుకున్నవాళ్ళు, ఏ కేసో తమకే సరిగా తెలియనివాళ్ళు కూడా జైళ్ళలో ఉంటారు. ఉద్యమ ఖైదీ విడుదలైతే ఊరు పూలదండతో ఎదురొస్తుంది. మామూలు ఖైదీ పొద్దుగూకేదాకా ఎక్కడో కూర్చొని, చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు. అతనికి ఎవరు ఎదురెళ్ళారు, ఎవరు తలుపు తీశారు అనేది చరిత్ర పుస్తకాల్లో దొరకదు.

ఆళ్వారుస్వామి ఆ మామూలు ఖైదీలను పట్టించుకున్నాడు. జైల్లో తాను చూసిన మనుషుల మీద 'జైలు లోపల' అనే కథల పుస్తకం రాశాడు. నేరం చేసిన మనిషిని చూడడం ఒక్కటే కాదు, అతన్ని అక్కడికి తెచ్చిన ఆకలినీ పరిసరాలనూ చూడమని ఆ కథలు అడుగుతాయి. ఆయన అడిగిన ప్రశ్నను మనం ఇంకొంచెం ముందుకు తీసుకుపోవాలి. జైలు లోపల సరే, జైలు బయట మాటేమిటి? శిక్ష తీరి వచ్చిన మనిషిని మనం ఏం చేస్తున్నాం?

పుట్టుకకే వేసిన శిక్ష

ఈ ప్రశ్న గిరిజనులకు వేరేవాళ్ళకంటే ఎక్కువ తెలియాలి. ఎందుకంటే మనలో కొన్ని తెగలకు నేరం చేయకముందే శిక్ష పడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట అది ఉత్తర భారతానికి పరిమితం. 1911లో చట్టాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికిన ఎరుకలవాళ్ళు ఈ చట్టం కింద నేరస్థ తెగగా నమోదయ్యారు. రైళ్ళు, కొత్త రోడ్లు వచ్చాక వాళ్ళ బతుకుతెరువు అప్పటికే దెబ్బతిన్నది. బతుకు పోయిన తర్వాత పేరు కూడా పోయింది.

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికి ఒక సెటిల్‌మెంట్ అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద దానికి స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. అక్కడ ఎరుకల కుటుంబాలు హాజరు వేయించుకోవాలి. బయటికి పోవాలంటే చీటీ కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి ఆ సెటిల్‌మెంట్ నుంచి కూలీలు పోయారు. సంస్కరణ అనే మాట ఉంది, పని ఉంది, చదువూ ఉంది. లేనిది ఒక్కటే, ఇక నువ్వు దొంగవు కాదు అని చెప్పే రోజు. తండ్రి మీద పడ్డ ముద్ర కొడుక్కి వచ్చింది, కొడుకు నుంచి మనవడికి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అందుకే ఆగస్టు 31ని విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నారు. కానీ దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన ఉమ్మడి రాష్ట్రంలో అలాంటి చట్టం 1962లో వచ్చింది. తెగ పేరు తీసేసి మనిషి పేరు రాసినట్టు కనిపించింది గానీ, పోలీసు స్టేషన్లో, ఊరి నోట్లో పాత అలవాటు పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఆ వాడకే పోవడం సాగుతూనే ఉంది.

స్టూవర్టుపురం నుంచి వర్ని దాకా

1970లలో ఆ స్టూవర్టుపురానికి హేమలతా లవణం, లవణం దంపతులు వెళ్ళారు. ఆమె మహాకవి గుర్రం జాషువా బిడ్డ. ఆయన నాస్తికోద్యమకారుడు గోరా కొడుకు. చంబల్ లోయలో 1960లో వినోబా ముందు, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు బందిపోట్లు ఆయుధాలు పెట్టి లొంగిపోయిన సంగతి దేశానికి కొత్త దారి చూపింది. మాటతో, నమ్మకంతో మనిషి మారతాడనే ఆ ఆలోచనను ఈ దంపతులు తెలుగు నేల మీద చేసి చూపాలనుకున్నారు. తుపాకీ లేకుండా, హాజరు పుస్తకం లేకుండా ఎరుకల ఇళ్ళకు పోయారు, వాళ్ళతో కూర్చున్నారు, వాళ్ళ ఆడవాళ్ళతో, పిల్లలతో మాట్లాడారు. మనిషి జైలు నుంచి వస్తే అతని ఒక్కడితోనే కాదు, ఇంటితో, కులపెద్దలతో, చుట్టూ ఉన్న ఊళ్ళతో కూడా పని ఉంటుందని వాళ్ళకు తెలుసు. సెటిల్‌మెంట్ చేయలేని పని ఇదే.

తర్వాత ఆ దంపతులు స్థాపించిన 'సంస్కార్' సంస్థ మన చెరకు ప్రాంతానికి వచ్చింది. బోధన్ పక్కన ఉన్న వర్నిలో జోగినుల కోసం 'చెల్లి నిలయం' నడిపింది. జోగినులు జైలుకు పోయినవాళ్ళు కారు, ఎక్కువ మంది దళిత ఆడబిడ్డలు. కానీ వాళ్ళమీదా ఊరు గడువు లేని ముద్ర వేసింది. 1988లో జోగిని, దేవదాసి ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం ఆచారాన్ని ఆపగలదు. ఊరిచేత 'జోగిని' అనే పిలుపు మాన్పించి 'చెల్లీ' అని పిలిపించాలంటే మాత్రం మనుషులు కావాలి. స్టూవర్టుపురంలో దొంగ అనే పేరు, వర్నిలో జోగిని అనే పేరు, రెండింటి మీదా చేయాల్సిన పని ఒకటే.

మన పంచాయితీకి ఒక ముగింపు ఉండేది

మన తండాల్లో, గూడేల్లో ఒక పాత పద్ధతి ఉంది. తప్పు చేసినవాణ్ణి నాయక్, కారోబారి, పెద్దమనుషులు కూర్చోబెట్టి విచారిస్తారు. నష్టపోయినవాళ్ళ మాట వింటారు. తప్పు కట్టమంటారు. తప్పు కట్టాక అందరూ కలిసి తింటారు. ఆ బువ్వతో అతను మళ్ళీ కులంలో కలిసినట్టే. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తి దెప్పితే, దెప్పినవాడిదే తప్పు.

ఈ పద్ధతిలో లోపాలు లేవని చెప్పడం లేదు. దండుగు సొమ్ము సారాకు పోయిన పంచాయితీలున్నాయి. బలమున్నవాడికి ఒక తీర్పు, లేనివాడికి ఇంకో తీర్పు చెప్పిన పెద్దలున్నారు. ఆడవాళ్ళ మాట వినని పంచాయితీలు మరీ ఎక్కువ. హత్య, అత్యాచారం వంటివి కోర్టుకే పోవాలి, పంచాయితీలో మాఫీ చేయకూడదు. అయినా ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది. శిక్షకు ముగింపు ఉంది, ఆ ముగింపు నలుగురి ముందు జరుగుతుంది. సర్కారు జైలుకు ఈ చివరి మెట్టు లేదు. జడ్జి శిక్ష వేస్తాడు, జైలరు గేటు తీస్తాడు. కలిసి తినే ఆ బువ్వ ఎవరు పెట్టాలి? అది మనమే పెట్టాలి.

చెరకు ప్రాంతంలో నేటి మాట

1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. చెరకు నరికేందుకు, బండ్లకెత్తేందుకు వేల చేతులు కావలసి వచ్చాయి. చెరకు నరికే ముఠాలో కత్తి పట్టిన చెయ్యి ఎంత నరుకుతుందన్నదే లెక్క, ఆ మనిషి నిన్న ఎక్కడున్నాడన్నది లెక్క కాదు. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. దానితో జైలు నుంచి వచ్చినవాడు తల దాచుకోగల పనుల్లో ఒకటి తగ్గింది.

మన తండాల నుంచి జైలుకు పోయినవాళ్ళలో గుడుంబా కేసులవాళ్ళు చాలామంది. బెల్లం పానకంతో సారా కాయడం తప్పే, దానివల్ల ముందు చచ్చింది మన మగవాళ్ళే, ఏడ్చింది మన ఆడవాళ్ళే. కానీ ఒకసారి కేసయితే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు. మళ్ళీ పట్టుబడితే పూచీకత్తు సొమ్ము పోతుంది, జైలూ తప్పదు. పీడీ చట్టం కింద అయితే విచారణ లేకుండా ఏడాది దాకా నిర్బంధించవచ్చు. తెలంగాణ వచ్చాక గుడుంబా మానేసిన కుటుంబాలకు రెండు లక్షల రూపాయల యూనిట్లు ఇచ్చే పథకం వచ్చింది. మేకలో, ఆటోనో, కిరాణా కొట్టో పెట్టుకోమన్నారు. కొట్టు పెట్టుకున్నవాడి దగ్గర తండా సరుకు కొంటేనే ఆ కొట్టు నిలబడుతుంది. 'వీడి దగ్గర కొనేదేంది' అని ముఖం తిప్పుకుంటే పాత పొయ్యి మళ్ళీ వెలుగుతుంది. సర్కారు యూనిట్ ఇవ్వగలదు, గిరాకీని ఇవ్వలేదు.

ఇంకో సంగతి. దేశంలోని జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే నేరం రుజువు కానివాళ్ళు. వాళ్ళలో ఎంతోమంది నిర్దోషులుగా బయటికి వస్తారు. అయినా ఊరికి తేడా తెలియదు, 'జైలుకు పోయొచ్చినోడు' అనే ఒకే మాటతో అందరినీ కలిపేస్తుంది.

మనం చేయగలిగినవి

చదువుకున్న యువకులు ముందు హక్కులు తెలుసుకోవాలి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగలవాళ్ళకు, జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. దీనికోసం 15100కు ఫోన్ చేయవచ్చు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు ఇప్పటి నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. జామీను డబ్బు లేక లోపలే ఉండిపోయిన పేదలకు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. ఇవి తెలియక ఆగిపోయిన విడుదలలు మన నిర్లక్ష్యం కిందికే వస్తాయి.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నియమాలను కొట్టేసింది. విముక్త జాతులవాళ్ళను పుట్టుకతోనే అలవాటు నేరస్థులుగా చూడడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. 1871 నుంచి లెక్కేస్తే 153 ఏళ్ళు పట్టింది ఈ మాట రావడానికి. కోర్టు మానేయమన్న చూపును మన వాడకట్టులో మనమే ఇంకా పెట్టుకుంటే ఎట్లా?

ఉపాధ్యాయుల పని ఇంకా సున్నితమైనది. తండ్రి జైల్లో ఉన్న పిల్లవాడు తరగతిలో ఉంటాడు. పెన్ను పోతే మొదట అతని సంచీ వెతికామా? అదే 1871 చట్టం మళ్ళీ మన గదిలోకి వచ్చినట్టు. పిల్లవాడే ఏదైనా కేసులో చిక్కుకొని బాలల గృహం నుంచి వస్తే, అతన్ని బడిలో చేర్చుకోవడం దయ కాదు. బాలన్యాయ చట్టం మామూలుగా ఆ కేసు వల్ల పిల్లలకు ఏ అనర్హతా ఉండకూడదంటుంది.

జైలుశాఖ పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్ళకు పని ఇస్తున్నారు. మంచిదే. కానీ బంకులో పని ముగించుకొని మనిషి రావలసింది తండాకే. విడుదల రోజు తెలుసుకొని ఇద్దరు జైలు గేటు దాకా పోవాలి. నష్టపోయిన కుటుంబం ఉంటే, పెద్దమనిషి ఒకరు ముందే వెళ్ళి వాళ్ళ మాట విని, వాళ్ళ భయం తీర్చాలి. మొదటి వారంలోనే పనికి పిలవాలి. పండగకు, పెళ్ళికి పేరు పెట్టి పిలవాలి. ఇవన్నీ డబ్బు ఖర్చు లేని పనులు, అయినా ఎవరూ చేయని పనులు.

ఖిల్లా గోడల మీద రాసిన పద్యాలను మనం గుర్తు పెట్టుకున్నాం. అట్లాంటి గోడల మధ్య నుంచి పద్యాలు లేకుండా వచ్చిన మనిషిని కూడా పగటిపూట, అందరూ చూస్తుండగా ఇంటికి తీసుకురావాలి. కోర్టు వేసిన శిక్షకు గడువుంది. మనం వేసే శిక్షకూ గడువు పెట్టాలి.